చడ్డా అంకుల్ దశేరీ చెట్టు, నా ఆవకాయ

వంట చేస్తూ చెయ్యి కాల్చుకున్నవాళ్ళు ఉంటారు, గిన్నె మాడబెట్టినవాళ్ళు ఉంటారు. నేను మాత్రం పెళ్ళయిన రెండో వేసవిలో, ఒక్క మధ్యాహ్నంలో, ఒక పెద్దమనిషి పరువుని ముక్కలు కొట్టి, ఉప్పూ కారమూ కలిపి, జాడీకెత్తి మూత పెట్టేశాను. అదెలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. సలహాలు మాత్రం ఇవ్వకండి. ఇవ్వాల్సినవన్నీ మా ఆయన అప్పుడే ఇచ్చేశారు.

ఢిల్లీ జనక్‌పురిలో మేం అద్దెకుండేది చడ్డా అంకుల్ ఇంట్లో. కింద ఆయనా ఆంటీ, పైన నేనూ మా ఆయనా. మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. నాకప్పటికి ఏ ఉద్యోగమూ లేదు కాబట్టి ఆంటీ దగ్గర స్వెటర్ అల్లడం నేర్చుకున్నాను. ఆకుపచ్చ ఊలు బోలెడంత కొని మొదలుపెడితే, ఒక చెయ్యి పూర్తయ్యేసరికి చలికాలం వెళ్ళిపోయింది. మిగిలిన ఊలు ఉండలు మంచం కింద పడి ఉన్నాయి. వాటిని కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

ఇంటి ముందు చిన్న తోట, అందులో ఒకే ఒక మామిడి చెట్టు. అంకుల్ స్వయంగా మలిహాబాద్ వెళ్ళి తెచ్చి నాటిన దశేరీ అంటు, సన్నగా పొడుగ్గా కాసే రకం. ఏళ్ళు గడిచినా అది ఆకులు తప్ప ఏమీ ఇవ్వలేదు. కర్నాల్ నుంచి ఆంటీ తమ్ముడు వచ్చినప్పుడల్లా ఆ చెట్టు కింద నిలబడి బావగారితో ఒకటే మాట అనేవాడు: "జీజాజీ, నీడ మాత్రం బాగుంది. కుర్చీ వేసుకోండి." ఆ మాటకి అంకుల్ బీపీ మాత్ర వేసుకునేవారు. ఎప్పటికైనా ఈ చెట్టు కాయలు వాడికి చూపించి, వాడి చేతే కోయించి, వాడి నోట్లో పెట్టి, ఆ నోరు మూయిస్తానని ఆయన శపథం.

ఆ ఏడు చెట్టు కాసింది. అంకుల్ ఆనందం చెప్పతరం కాదు. పొద్దున్నే చెట్టు కింద కుర్చీలో కూర్చుని పేపర్ తిరగేస్తూ చిలకల్ని తోలేవారు. ఉడుతలతో పంజాబీలో మాట్లాడేవారు, అవి మర్యాదైన మాటలు కావని వాటికి కూడా తెలిసేది. మాతో హిందీలోనే అనుకోండి. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

మే నెల మధ్యలో అంకుల్, ఆంటీ చండీగఢ్‌లో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరారు. వెళ్తూ నన్ను చెట్టు దగ్గరికి పిలిచారు.

"బేటా, ఇంటికి తాళం వేయకపోయినా పర్లేదు. ఈ చెట్టుని చూసుకో."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి అంకుల్. నా సొంత చెట్టనుకుంటాను."

ఆ అనుకోవడమే కొంప ముంచింది.

వాళ్ళు వెళ్ళిన వారానికి వాతావరణ హెచ్చరికతో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. సాయంత్రం పెద్ద ఆంధీ వస్తుందట, దుమ్ముతో పాటు గాలివాన, ఎవరూ బయటికి రావద్దని. నేను బాల్కనీలోంచి చెట్టు వైపు చూశాను. పచ్చగా, గట్టిగా, గుత్తులు గుత్తులుగా కాయలు. ఇక్కడివాళ్ళకి చెట్టు మీద పచ్చి కాయ కనిపిస్తే, ఎప్పుడు పండుతుందా అని చూస్తారు. నాకు ఆవపిండి కనిపించింది. తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, గాలివానొస్తుందంటమ్మా. ఇంటి ముందు చెట్టు నిండా కాయలున్నాయి."

"మరింకా చూస్తావేంటే? నేలరాలిన కాయ ఆవకాయకి పనికిరాదు. దెబ్బ తగిలిందంటే ముక్క మెత్తబడిపోద్ది. గాలి రాకముందే కోయించెయ్."

"కోసి?"

"కోసి ఏంటే? మామిడికాయ కోసి ఏం చేస్తారో కూడా నేనే చెప్పాలా?"

చెట్టు ఎవరిదని అమ్మ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు సెలవు కాబట్టి మా ఆయన ఇంట్లోనే దొరికారు.

"అంకుల్‌ని ఒక్క మాట అడుగుదాం," అన్నారాయన.

"రెండుసార్లు చేశానండీ, ఎత్తట్లేదు."

"ఆయన పండ్ల కోసం ఉంచుకున్నాడు కదా సుజాతా."

"ఆంధీకి రాలి మట్టిలో పడ్డాక పండుతాయా? జాడీలో ఉంటే ఏడాదంతా ఉంటాయి. పెద్ద జాడీ ఆయనకే ఇద్దాం."

మా ఆయన ఫైలు మీద సంతకం పెట్టేముందు చూసినట్టు నన్ను చాలాసేపు చూశారు. తర్వాత నిచ్చెన తెచ్చారు. చిటారు కొమ్మన ఒక్క కాయ అందలేదు, దాన్ని వదిలేసి మిగతావన్నీ దింపేశారు. నేను కడిగి, తుడిచి, ఆరబెట్టాను. ఆయన ముక్కలు కొట్టారు. అమ్మ పంపిన కారం, ఆవపిండి, నువ్వుల నూనె అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. సాయంత్రానికి మూడు జాడీలు వరసగా నిలబడ్డాయి. ఒక కుటుంబాన్ని వరదలోంచి రక్షించినంత తృప్తిగా చేతులు కడుక్కుని బాల్కనీలోకొచ్చి ఆంధీ కోసం నిలబడ్డాను.

ఆంధీ వచ్చింది. పక్కింటి దుప్పటి ఒకటి ఎగిరొచ్చి మా బాల్కనీలో పడింది. నాలుగు చినుకులు పడ్డాయి. అంతే, మబ్బు నజఫ్‌గఢ్ వైపు తిరిగి వెళ్ళిపోయింది. ఎదురింటి వేపచెట్టు ఆకు కూడా రాల్చలేదు. ఆ వీధి మొత్తంలో తుఫాను కొట్టినట్టు కనిపిస్తున్నది మా అంకుల్ చెట్టు ఒక్కటే.

"వస్తుందన్నావ్," అన్నారు మా ఆయన.

"వచ్చింది కదండీ. దుప్పటి చూడండి."

మూడో రోజు ఆవకాయ తిరగకలుపుతుండగా అంకుల్ ఫోన్. "బేటా, శుభవార్త. ఆదివారం పొద్దున వచ్చేస్తున్నాం. సాలా సాహెబ్, అదే మా బావమరిది, తనే కారులో తీసుకొస్తున్నాడు. కాయలు చెట్టు మీద చూస్తే గానీ నమ్మడట. చెట్టు బాగుందా?"

"చెట్టు బాగుందంకుల్," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. నవ్వించడానికి చెబుతున్న మాట కాదు, నిజంగానే ఏడ్చాను. ఆ కుర్చీ, ఆ పేపరు, ఆ చిలకల్ని తోలడం అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. తమ్ముడు మళ్ళీ నీడ బాగుందంటే ఆ పెద్దాయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయాను.

"నిజం చెప్పేద్దాం," అన్నారు మా ఆయన.

"ఆ కర్నాల్ ఆయన ముందా? అంకుల్ పరువేం కావాలి? వాళ్ళొచ్చేసరికి చెట్టు మీద కాయలుండాలి. అంతే కదా?"

"ఉండాలంటే కాయాలి కదే."

"కట్టినా ఉంటాయి," అన్నాను.

శనివారం సంచి పట్టుకుని నేనే మార్కెట్‌కి వెళ్ళాను. బండి మీద పచ్చి కాయలు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ వాటి పక్కనే, తొడిమలతో సహా, పసుపు రంగులో మెరుస్తూ బంగినపల్లి పండ్లు. ఢిల్లీలో వాటిని సఫేదా అంటారు గానీ, నా కళ్ళకి పుట్టింటివాళ్ళు వచ్చి నిలబడినట్టుంది. ఇక పక్కకి చూపు తిరగలేదు. మామిడి చెట్టుకి మామిడిపండు, అందులో తప్పేముంది అనుకున్నాను. నన్నడిగితే మామిడంటే బంగినపల్లే, మిగతావన్నీ దాని చుట్టాలు.

సంచి చూసి మా ఆయన అడిగారు, "ఇవి ఈ చెట్టుకి కాస్తాయా?"

"మన వైపు ఏ చెట్టుకి కాయట్లేదో చెప్పండి."

ఆదివారం తెల్లవారగానే పని మొదలైంది. దారం కనిపిస్తుందని, మంచం కింద ఆకుపచ్చ ఊలు లాగాను. చలికాలంలో అంతుచిక్కని అల్లిక ఆ రోజు వేళ్ళకి ఎలా వచ్చిందో తెలియదు. ప్రతి పండుకీ ముడి, ప్రతి ముడికీ పైన ఒక ఆకు. మా ఆయన నిచ్చెన దిగేసరికి చెట్టు పెళ్ళికూతురిలా ఉంది. కొమ్మలు మాత్రం కొంచెం అలిసిపోయినట్టు వంగాయి.

కారు ఆగింది. ముందుగా ఆంటీ దిగి చెట్టు చూసి, చేతిలో బ్యాగు కింద పెట్టేశారు. అంకుల్ దిగి నోరు తెరిచారు. ఆ నోరు తెరిచే ఉండగా కర్నాల్ ఆయన చెట్టు కిందకి నడిచాడు.

"జీజాజీ, మే నెలలోనే పండిపోయాయి?"

అంకుల్ నా వైపు చూశారు. నేను చెప్పులు చూసుకున్నాను.

"ఎండ ఎక్కువ కదా," అన్నారు అంకుల్ నెమ్మదిగా.

కర్నాల్ ఆయన ఒక పండు పట్టుకుని లాగాడు. పండుతో పాటు మూరెడు ఊలు వచ్చింది.

"ఇదేంటి?"

"ఆంధీ వస్తుందన్నారు కదండీ," అన్నాను. "రాలిపోకుండా ఒక్కోటీ కట్టాను."

ఆయన ఊలు వైపు, చెట్టు వైపు, నా వైపు చూశాడు. "అన్నీ కట్టావా?"

"అన్నీ."

"కమాల్ హై. జీజాజీ, కిరాయిదారంటే ఇలా ఉండాలి." పండు కొరికాడు, కళ్ళు మూసుకున్నాడు. రసం మోచేతి దాకా కారింది. తల పైకెత్తి, చిటారు కొమ్మన మిగిలిపోయిన ఆ ఒక్క దశేరీని చూశాడు. "అదేంటి, అంత సన్నగా?"

"అది చిన్నపిల్ల," అన్నారు అంకుల్. "ఇంకా ఎదగాలి."

"ఓడిపోయాను జీజాజీ. ఈ చెట్టు కొమ్మ అంటు కట్టి నాకూ ఒకటివ్వండి."

ఆయన కర్నాల్ వెళ్ళిపోయాక అంకుల్ మెట్లెక్కి పైకొచ్చారు. కుర్చీలో కూర్చున్నారు.

"బేటా, ఆ అంటు తెచ్చింది నేను. అది దశేరీ. దానికి సఫేదాలు ఎలా కాశాయని నేను అడగను. నా కాయలెక్కడున్నాయో ఒక్కటి చెప్పు."

జాడీ తెచ్చి ముందు పెట్టాను. వేడన్నంలో కలిపి, నెయ్యి వేసి ఇచ్చాను. ఆయన ఒక ముద్ద తిన్నారు. చెవులు ఎర్రబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది. నీళ్ళు తాగి, ఇంకో ముద్ద తిన్నారు.

"మీకు చాలా కోపం వచ్చింది కదా అంకుల్?"

"వచ్చింది. కానీ నాకంటే దీనికి ఎక్కువ కోపం ఉంది," అని జాడీ వైపు చూపించి, కంచం మళ్ళీ ముందుకి జరిపారు.

జూన్ చివర్లో ఆ చిటారు కాయ పండింది. అంకుల్ దాన్ని నాలుగు చీలికలు కోసి ఒకటి నాకిచ్చారు. తేనెలా ఉంది. దాన్ని తింటుంటే నేనేం చేశానో అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆయన మాత్రం, "బాగుంది కదా? బాగానే ఉంటుంది, నా చెట్టు కదా," అని నవ్వారు.

కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. అంకుల్ కట్టిచ్చిన అంటు కర్నాల్‌లో కొన్నేళ్ళు పెరిగి, ఈ వేసవిలో తొలిసారి కాసింది. మొన్న నేను కింద ఆంటీ దగ్గర కూర్చుని ఉండగా అంకుల్‌కి ఫోన్ వచ్చింది. ఆయన స్పీకర్ పెట్టారు.

"జీజాజీ, కాయలన్నీ సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. మీవాటిలా లావుగా, పసుపుగా ఎందుకు రావట్లేదు? నేనేం తప్పు చేశాను?"

అంకుల్ నా వైపు చూశారు. నేను మళ్ళీ చెప్పులు చూసుకున్నాను.

"ఊలుతో కట్టావా?"

"లేదే."

"మరింకేం. కాయకో ముడి. పచ్చ ఊలే వాడాలి సుమా."

ప్రస్తుతం కర్నాల్‌లో ఒక పెద్దమనిషి ఇంత ఎండలో నిచ్చెన మీద నిలబడి ఊలు ముడులు వేస్తున్నాడు. అందుకు కారణం నేను. కాబట్టి చదువరులందరి సాక్షిగా, జాడీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై పరుల చెట్టు మీద పచ్చి కాయ చూసి ఆవపిండి తలుచుకోను, మబ్బు పట్టిందని నిచ్చెన ఎక్కించను, దశేరీకి బంగినపల్లిని పుట్టించను. అన్నట్టు, ఈ సంగతి చెబితే, ఖాళీ జాడీ మీద చేసిన ప్రమాణం చెల్లదంటూ ఇప్పుడే అంకుల్ కింద నుంచి బుట్టెడు పచ్చి కాయలు పంపించారు.