మా అత్త పిండి మిషను లైసెన్సు

మా అత్తకు ఒక్కడే కొడుకని చెప్పి నాకు పెళ్ళి చేశారు. అది అబద్ధం. ఆమెకు ఇద్దరని కాపురానికి వచ్చిన మర్నాడే తెలిసింది. పెద్దకొడుకు పిండి మిషను. మా ఆయన రెండోవాడు, అంత ముఖ్యం కాదు.

నా పుట్టిల్లు కృష్ణగిరి. పెళ్ళయి హోసూరు పక్కన బాగలూరు రోడ్డులో ఉన్న ఈ ఊరికి వచ్చేటప్పటికి ఇది ఇంకా పంచాయతీ. ఇంటికి రెండు వైపులా గులాబీ తోటలు, ఎదురుగా రాగి చేను. మామ పోయిన ఏడాదికి అత్త ఆయన చిల్లర అంగడి మూసేసి, వీధి వైపు గదిలో మిషను పెట్టించిందట. ఆడమనిషి మోటారు ఏం నడుపుతుందని నవ్విన వాళ్ళే మరుసటి నెల నుంచి సంచులు మోసుకొచ్చారని ఆమె చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి.

పొద్దున రాగులు, గోధుమలు, బియ్యం. తళి పక్క పల్లెల నుంచి కూడా బస్సులో రాగుల మూటలు వచ్చేవి. బుధవారం, శనివారం మధ్యాహ్నాలు మిరపకాయలు. ఆ రెండు పూటలూ వీధిలో ఎవరు తుమ్మినా అత్త లోపలి నుంచే "నూరేండ్లు" అని దీవించేది. మిరపకాయల తర్వాత ఇంకొకరి గోధుమలు వేస్తే వాళ్ళ చపాతీలు మండిపోతాయి కదా. అందుకని మా ఇంటి బియ్యం రెండు శేర్లు ముందు పోసి మిషను కడుపు శుభ్రం చేసేది. ఆ ఎర్రటి పిండితో సాయంత్రం నిప్పట్లు, అవే కారం చెక్కలు, వేసేవాళ్ళం. అలాంటి నిప్పట్లు మళ్ళీ నేను తినలేదు. కారం కొలిచి వేస్తే ఆ రుచి రాదు.

తిన్నె మీద ఎప్పుడూ నలుగురైదుగురు ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చుని ఉండేవాళ్ళు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడేవాళ్ళు. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరి కోడలు అలిగిందో నాకు వంటింట్లోకే వినపడేది, మిషను ఆగినప్పుడు మాత్రం. పెళ్ళివారు పసుపు కొమ్ములు తెస్తే అత్త మిషనుకు బొట్టు పెట్టి, అప్పటిదాకా వరుసలో ఉన్న వాళ్ళను ఆపి, ముందు పసుపు పట్టేది. ఒక్కరూ గొణిగేవాళ్ళు కాదు. లైసెన్సు అంటారా, ఏడాదికోసారి పంచాయతీ ప్రెసిడెంటు ఇంటి రాగుల సంచితో పాటే ఆ కాగితం కూడా మడిచి పంపేవాళ్ళు. అత్త దాన్ని దులిపి దేవుడి పటం వెనక దోపేది.

ఇదంతా తలచుకుంటే ఇప్పుడు కళ్ళు చెమ్మగిల్లుతాయి. కానీ అప్పట్లో నాకు ఆ మిషనంటే ఒళ్ళు మంట. ఉన్న మాట చెప్పాలి.

మిషను గదికీ వంటింటికీ మధ్య ఒకే గోడ. మాది పెంకుటిల్లు. ఆ గోడ కప్పు దాకా లేదు, మూరెడు ఖాళీ. పట్టిన పిండంతా సంచిలోకి పోతుందని అత్త నమ్మకం. అందులో నా వాటా వంటింట్లోకి వచ్చేది. గిన్నెల మీద పిండి, తాలింపు డబ్బా మీద పిండి, తల దువ్వుకుంటే పిండి. మోటారు తిరిగితే అలమరలో లోటాలు ఒక్కొక్కటే అంచు దాకా నడిచి వచ్చేవి. మాకు పాప పుట్టాక, మిరపకాయల రోజు దాన్ని చంకనేసుకుని పెరట్లో నిలబడేదాన్ని. పాపకు దగ్గు. చిన్నప్పటి నుంచీ ఉంది, వాతావరణం పడలేదని అందరూ అనేవాళ్ళు. హోసూరు వాతావరణం కోసం బెంగళూరు వాళ్ళు వచ్చి ఇళ్ళు కట్టుకుంటున్నారు, దగ్గు మా పాపకే ఎందుకు వస్తుందని ఎవరూ ఆలోచించలేదు. నాకు కోపం ఎక్కువ. దాన్ని గిన్నెల మీద చూపించేదాన్ని. మిషను మోతలో అదీ వినపడేది కాదు.

అత్తకు చెప్పలేదు. మొదట్లో కొత్త కోడలినని చెప్పలేదు. తర్వాత, ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడెలా చెప్పేదని చెప్పలేదు. ఆ మిషనే కదా అందరికీ తిండి పెట్టింది, మా ఆయన్ను చదివించింది. అలా పదిహేనేళ్ళు గడిచిపోయాయి. పాప హైస్కూలుకు వచ్చినా దగ్గు పోలేదు.

ఈలోగా గులాబీ తోటలు పోయి లేఅవుట్లు వచ్చాయి. రాగి చేనులో మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. మా ఊరిని హోసూరులో కలిపేశారు. ఒకరోజు తమిళంలో ఒక నోటీసు వచ్చింది. అత్త ఐదో తరగతి దాకా తెలుగు చదివింది. మా ఆయనది తెలుగు మీడియం, తమిళంలో బస్సు బోర్డులు చదువుతారు, ఆఫీసు కాగితం చూస్తే చెమటలు పడతాయి. నేను కృష్ణగిరిలో తమిళంలో ప్లస్ టూ చదివాను. కాబట్టి ఇంటికి వచ్చిన ప్రతి కాగితం నా చేతికే వచ్చేది. కొత్త ప్లానులో మా వీధి ఇళ్ళ ప్రాంతం అయిందనీ, పాత లైసెన్సు చెల్లదనీ, మళ్ళీ దరఖాస్తు చేసుకోవాలనీ ఉంది.

అత్తా నేనూ మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాం. గోడ మీద పెద్ద మ్యాపు, రంగు రంగులుగా.

"మన వీధి యాడుందప్పా?" అని అత్త గుమాస్తాను అడిగింది.

ఆయన వేలు పెట్టి చూపించారు. పసుపు రంగులో ఉంది. పసుపు అయితే ఇళ్ళు, నీలం అయితే అంగళ్ళు అని చెప్పారు.

"పసుపు శుభమే కదప్పా. ఈ చుట్టుపక్కల పెండ్లి పసుపంతా నా మిషన్లోనే పట్టినారు," అంది అత్త.

గుమాస్తా నవ్వారు. మంచి మనిషి, ఓపిగ్గా చెప్పారు. ఇళ్ళ మధ్య అయినా చిన్న పిండి మిషనుకు ఒక దారి ఉందట. చుట్టుపక్కల వాళ్ళు అభ్యంతరం లేదని సంతకాలు చేయాలి, ఆ తర్వాత అధికారి వచ్చి చూస్తారు, ఇబ్బంది ఏమీ లేదని ఆయన రాస్తే లైసెన్సు ఇస్తారు. లేకపోతే మిషను అంగళ్ళ చోటికి మార్చుకోవాలి. అరవై దాటిన అత్త రోజూ ఆటో ఎక్కి ఇంకెక్కడికో పోయి మిషను నడపలేదు. మార్చడమంటే మూసేయడమే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

సంతకాల కోసం ఎనిమిది ఇళ్ళకు తిరిగాం. కాగితాలు నేను రాశాను, అట్ట మీద పెట్టుకుని నేనే పట్టుకున్నాను. ప్రతి ఇంట్లో అత్త ఒకే ప్రశ్న అడిగేది. "మా మిషను మోత, దుమ్ము మీకేమన్నా ఇబ్బందిగా ఉందా? మొహమాటం లేకుండా చెప్పండప్పా." నేను దాన్ని ఒక ఇంట్లో తమిళంలోకి, ఇంకో ఇంట్లో కన్నడంలోకి మార్చి అడిగేదాన్ని. బెంగళూరుకు ఉద్యోగానికి పోయి వచ్చే జంట, మేము ఇంట్లో ఉంటే కదా అని నవ్వుతూ సంతకం పెట్టారు. రిటైరైన మాస్టారు అక్షరం అక్షరం చదివి, నా తమిళంలో ఒక తప్పు దిద్ది పెట్టారు. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే ఆయన ఒక్కరే నసిగారు, పగలు నిద్ర పట్టడం లేదని.

"పది గంటల దాకా మోటారు వేయను. నిద్రపోప్పా. ముందే చెప్పుంటే ఎప్పుడో ఆపుండేదాన్ని కదా," అంది అత్త.

ఆయనా పెట్టారు. తిరిగి వస్తూ అత్త సంతకాలు లెక్కపెట్టింది. "వీధంతా మన పక్కే ఉంది చూడు," అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఎనిమిది ఇళ్ళలో ఎనిమిది సార్లు ఆ ప్రశ్న నా నోటితోనే అడిగించింది. నన్ను మాత్రం అడగలేదు. నేను అట్ట పట్టుకుని పక్కనే నడుస్తున్నాను. నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఇంటికి వెళ్ళి గిన్నెలు తోమాను.

అధికారి ఒక మంగళవారం వచ్చారు. నడివయసు మనిషి. వాకిట్లో చెప్పులు విడిచి, టేపుతో గది కొలిచి, మిషను ఒకసారి వేసి చూపించమన్నారు. అత్త కొత్త చీర కట్టుకుంది. మోటారు వేసి రాగులు పోసింది. ఆయన గోడ మీది ఖాళీని తలెత్తి చూసి, నేరుగా వంటింట్లోకి వచ్చారు.

ఈ గదిలో ఎవరు ఎక్కువసేపు ఉంటారని తమిళంలో అడిగారు. నేనే అన్నాను. మోత, దుమ్ము మీకు ఇబ్బందిగా ఉన్నాయా అని అడిగారు.

ఏదో ఒకటి చెప్పి పంపేయాల్సింది. కానీ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పదిహేనేళ్ళకు మొదటిసారి ఒక మనిషి అడిగి, జవాబు కోసం కలం పట్టుకుని నిలబడ్డాడు. చెప్పేశాను. మిషను మోతకు పైన గొంతెత్తి చెప్పాను. అలమర తెరిచి లోటాలు చూపించాను. పాప దగ్గు సంగతి చెప్పాను. గోడకు అవతల అత్త రాగులు పోస్తూనే ఉంది, ఒక్క ముక్క ఆమెకు వినపడలేదు. ఆయన అంతా రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు మోటారు ఆగింది. నేనేం చేశానో నాకు అప్పుడు తెలిసింది.

"ఏమడిగినాడమ్మా?" అంది అత్త చేతులు దులుపుకుంటూ.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగినారు," అన్నాను.

ఆర్డరు రావడానికి నెల పైనే పట్టింది. మధ్యలో ఆయుధ పూజ వచ్చింది. మిషనుకు చామంతి దండ వేసి, గుమ్మడికాయ కొట్టి, అత్త పైకే మొక్కుకుంది. "సంతకాలు పెట్టినోళ్ళంతా చల్లగా ఉండాల సామీ." నేను పక్కన హారతి పళ్ళెం పట్టుకున్నాను. అంత బరువైన పళ్ళెం ఎప్పుడూ పట్టుకోలేదు.

కాగితం వచ్చిన రోజు మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. అత్త తిన్నె మీద కూర్చుని, తమిళం రాకపోయినా కళ్ళద్దాలు పెట్టుకుంది. "చదువమ్మా," అంది. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పసాగాను. ఎనిమిది ఇళ్ళ వాళ్ళకూ అభ్యంతరం లేదు. అత్త తల ఊపింది. యంత్రం మంచి స్థితిలో ఉంది. మళ్ళీ తల ఊపింది. తర్వాతి వాక్యం దగ్గర ఆగాను.

"ఆగినావేమి? చదువు."

దాటేసి ఉండవచ్చు. ఆమెకు ఎలా తెలుస్తుంది? దాటలేకపోయాను. చదివాను. గోడకు ఆనుకుని ఉన్న వంటగదిలో దుమ్ము, శబ్దం ఉన్నాయనీ, వాటి వల్ల తనకూ బిడ్డకూ ఇబ్బంది కలుగుతోందనీ ఆ ఇంటి కోడలే చెప్పిందనీ, కాబట్టి అనుమతి ఇవ్వలేమనీ, రెండు నెలల్లో మార్చుకోవాలనీ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా అత్త రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోయింది, నా వల్ల.

మా ఆయనే ముందు తేరుకున్నారు. "దీనికేమిమా. అట్ల ఇబ్బందేమీ లేదు, తెలీక చెప్పినానని ఈమె ఒక లెటరు రాసిస్తే మళ్ళీ చూస్తారు," అన్నారు. నేను పరుగున పోయి కాగితం, పెన్ను తెచ్చాను. నిజంగానే రాసేదాన్ని. తేదీ కూడా వేశాను.

అత్త కాగితం మీద చెయ్యి పెట్టింది.

"నిజం చెప్పు. ఇబ్బందిగా ఉండిందా?"

"ఉండింది అత్తా."

"ఎప్పట్నుంచి?"

"వచ్చిన దినం నుంచి."

ఆమె అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "షిఫ్టుకు పొయ్యే ఆయప్పను అడిగినాను. నిన్న మొన్న వచ్చినోళ్ళను అడిగినాను. ఇంట్లో ఉండేదాన్ని అడగాలని తోచలేదు చూడు నాకు." నాతో కాదు, తనతో తానే అనుకున్నట్టు అంది. తర్వాత పెన్ను మూత పెట్టి నా చేతికి ఇచ్చింది. "రాయొద్దు. మిషను ఇచ్చేస్తాం."

డెంకణికోట రోడ్డులో ఒకాయన కొనుక్కున్నారు. టెంపోలోకి ఎక్కించేటప్పుడు సంతకాలు పెట్టిన ఇళ్ళ వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. అత్త ఏడవలేదు. బెల్టు ఎంత బిగించాలో, ఏ శబ్దం వస్తే లోపలి తిరగలి రాళ్ళకు గాట్లు కొట్టించాలో ఆయనకు రెండుసార్లు చెప్పింది. టెంపో మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చింది. ఏడ్చింది నేను.

పాప దగ్గు మూడు నెలల్లో తగ్గింది. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఇల్లు ఇల్లులా లేదు. తిన్నె మీద ఎవరూ లేరు. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో తెలియదు, పత్రిక వస్తేనే తెలుస్తుంది. ప్యాకెట్టు రాగిపిండితో సంకటి చేస్తే అత్త ఒక ముద్ద తిని, బాగుందమ్మా అని లేచిపోయేది. నేనూ తినలేకపోయేదాన్ని. మధ్యాహ్నం పూట ఎక్కడో ఏదో మోటారు మోగితే ఇద్దరం ఒకేసారి తల ఎత్తేవాళ్ళం.

ఆ తర్వాత అత్త మేస్త్రీని పిలిపించి గోడను కప్పు దాకా లేపించింది. మిషను ఉండిన ముందు గదికి సున్నం వేయించింది. నన్ను అక్కడికి పిలిచి, ఖాళీ గది మధ్యలో నిలబెట్టి అడిగింది.

"ఈ గది నీదే. ఈడ ఏం పెట్టుకుంటావో చెప్పు. మొహమాటపడొద్దు."

మిషను కావాలత్తా అని నోటి దాకా వచ్చింది. అప్పటికి నాకు కావలసింది అదొక్కటే. ఎదురుగా ఆమె నా జవాబు కోసం నిలబడి ఉంది. ఆ మాట అంటే ఆమె ఏమైపోతుందో నాకు తెలుసు.

"మీ ఇష్టం అత్తా," అన్నాను.