నైరుతి మూల ట్యాంకు

తుపాను తీరం దాటిన మర్నాడు మా తుపాను సహాయక దళం బాపట్ల నుంచి రేపల్లె వైపు కదిలింది. రోడ్డు నిండా కూలిన చెట్లు. చేతుల్లో రంపాలు, భుజాన తాళ్లు. పైన మసిగుడ్డలాంటి ఆకాశం. రేపల్లె అవతల ఒక ఊళ్లో దిగాం. ఊరంతా కరెంటు లేదు. ఒక్క డాబా మీద మాత్రం సోలార్ పలకలు, కింద బ్యాటరీ ఉన్నాయి.

ఆ డాబా కింది వాటాలో టైలరు రహీం గారు అద్దెకుంటున్నారు. ఊపిరితిత్తులు పాడై, ఆక్సిజన్ మిషను మీదే బతుకుతున్నారు. ఆసుపత్రి దారి పీకల్లోతు నీళ్లు.

"జనరేటరు బాపట్లలోనే ఆగిపోయింది సార్, ఇవాళ రాదంట," అన్నాడు మా వైర్‌లెస్ ఆపరేటరు.

మిషను నడిపే బ్యాటరీ అడుగంటింది. మధ్యాహ్నానికి మబ్బు విడి ఎండ కాసింది. డాబా మీదికి పరుగెత్తాను. పలకల్లోని నీలం బిళ్లల మీద ఎండ పడితే కరెంటు పుడుతుంది. ఇన్వర్టరు దాన్ని ఇంటికి పనికొచ్చేలా మారుస్తుంది. ఆ బిళ్లలన్నీ దండలా కలిపి ఉంటాయి. కొన్నిటి మీద నీడ పడినా మిగతావాటి కరెంటు కూడా పడిపోతుంది. ఇక్కడ నైరుతి మూలనున్న నీళ్ల ట్యాంకు నీడ సగం పలకలను కప్పేసింది.

"ట్యాంకు ఖాళీ చేసి పక్కకి జరుపుతామండి," అన్నాను.

ఇంటాయన అడ్డం నిలబడ్డాడు. "వద్దు బాబూ! నైరుతిలో బరువు తీస్తే ఇంటి యజమానికి గండం. సిద్ధాంతి గారిని అడగాలి."

"ఫోన్లు పనిచేయట్లేదు కదండి!"

"అందుకే ఆగమంటున్నా. రహీంకి నా బ్యాటరీ నుంచి లైను ఇచ్చాగా, ఇంకేం చెయ్యమంటావ్?"

వైర్‌లెస్‌లో పైవాళ్లను అడిగించాను. "ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే ముట్టుకోండి. ఓవర్." ఆ జవాబుకి ఒంటి మీది యూనిఫాం మీద కూడా రోత పుట్టింది. బతిమాలాం, కేకలేశాం. ఇంటాయన ట్యాంకుని కావలించుకుని నిలబడ్డాడు. కింద మిషను కూత పెట్టి ఆగిపోయింది. కాసేపటికి మనిషీ ఆగిపోయాడు.

తెనాలి మీదుగా వెనక్కి వచ్చాం. అక్కడ దుకాణాల్లో లైట్లు వెలుగుతున్నాయి.

ఉద్యోగం మానేసి ఇంటికొచ్చినా ఒక్క దృశ్యం నన్ను వదల్లేదు. ఇంటాయన గడప దాటకుండా రహీం గారి భార్యని అడుగుతున్నాడు. "ఏ నక్షత్రంలో పోయాడో ఏంటో! చెడ్డదైతే ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టాలి. పోయినప్పుడు టైమెంతమ్మా?"

ఆవిడ భర్త ముక్కు నుంచి గొట్టం తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఎండ ఉండగానే పోయారండి."