రోడ్డు మీద పలకరించని అన్న

మొన్న పొద్దున్నే మా బృందంలోని ఆటో భాయ్ ఫోన్ చేసి, "అన్న పోయిండు. నిద్రల్నే పోయిండంట" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. మాకు ఉన్నది ఒక్క అన్నే.

తాగుడు మానాలనుకునేవాళ్లు సాయంత్రాలు కలిసి కూర్చుని మాట్లాడుకునే చిన్న బృందం మాది. అమీర్‌పేటలో ఒక పాత మేడ మీద గది. పేరు చెబితే చాలు, ఇంకేమీ అడగరు. మెట్లు దిగాక ఎవరికి ఎవరూ తెలియదు, బయట పేరు పెట్టి పిలుచుకోవడం అసలే ఉండదు. అన్నకి కూడా ఇల్లు, చర్చి, చుట్టాలు ఉన్నారని తెలుసు కానీ, ఆయన ఇక్కడికి వస్తారని వాళ్లకు తెలియదని మేమంతా అనుకునేవాళ్లం. అందుకే ఇప్పుడు కూడా ఆయన పేరు రాయను.

మా ఆవిడ పాపని తీసుకుని గుంటూరు వెళ్లిపోయిన ఎండాకాలంలో నేను ఆ గదిని వెతుక్కుంటూ వెళ్లాను. ఆ వీధిలో ప్రతి గోడకీ ఏదో ఒక కోర్సు బోర్డు ఉంది, మాకు మాత్రం బోర్డు లేదు. పక్క మెట్లెక్కేశాను. అక్కడ ఒకమ్మాయి మంచినీళ్లిచ్చి, "ఏ కోర్సు సార్? డెమో స్టార్ట్ అయింది" అంది. ఏం చెప్పాలో తోచక వెళ్లి కూర్చున్నాను. కంప్యూటర్ పాఠం. తల ఊపుతూ మొత్తం విన్నాను.

కిందికి దిగితే టీ బండి దగ్గర అన్న నిలబడి ఉన్నారు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా. "క్లాసు అయిందా? మనది గీ పక్క మెట్లు" అన్నారు. కొత్తవాళ్లందరూ ముందు ఆ క్లాసులోకే వెళతారట. వాళ్ల కోసమే ఆయన కింద కాపు కాసేవారు.

పైన అందరికీ గాజు గ్లాసుల్లో టీ పోసిచ్చేది కూడా ఆయనే. నాకు సగమే పోశారు. లోపల చిన్నబుచ్చుకున్నాను. ఆ తర్వాత కూడా చాలా వారాలు సగమే. ఒక సాయంత్రం అంచుదాకా నింపిన గ్లాసు నా చేతిలో పెట్టి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు నా చేతుల వైపు చూసుకున్నాను. వణకడం లేదు. ఆ టీ తాగుతుంటే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రాలు నాకు కలలో జరిగినట్టే గుర్తున్నాయి. మెట్రో వెళ్లినప్పుడల్లా దాని వెలుగు గోడ మీద పాకి పోయేది. పక్క మేడలోంచి పాఠాలు గాలికి తేలి వచ్చేవి. మధ్యలో ఎవరో మెల్లగా తమ కథ చెప్పుకునేవారు. నాకు నోరు పెగలని రోజున అన్న అనేవారు: "ఏం చెప్పకున్నా నడుస్తది. జర కూసో. కూసున్నంతసేపు తాగవు గద." అలా కూర్చుని కూర్చునే నేను మనిషినయ్యాను. మా ఆవిడ తిరిగొచ్చింది.

ఒకసారి క్రిస్మస్ ముందు పంజాగుట్టలో బట్టల సంచులతో, భార్యతో ఎదురుపడ్డారు. నేను నవ్వబోయాను. ఆయన నా పక్కనున్న కరెంటు స్తంభాన్ని చూసినట్టే నన్నూ చూసి దాటిపోయారు. మనసు చివుక్కుమంది. తర్వాత అడిగితే, "నీ పక్కన ఎవరున్నరో, వాళ్లకేం చెప్పినవో నాకెట్ల ఎర్క? నువ్వు పలకరిస్తేనే నేను పలకరిస్త" అన్నారు.

యూసుఫ్‌గూడలో ఆయన ఇంటి ముందు షామియానా వేశారు. సన్నగా తుంపర పడుతోంది. అక్కడి ఫ్లెక్సీ మీదే మొదటిసారి ఆయన ఇంటిపేరు చదివాను. బృందంలో అందరం వచ్చాం, కానీ అలవాటు కొద్దీ తలా ఒక మూల నిలబడి, ఒకరినొకరు ఎరగనట్టే ఉన్నాం. ఆయన ఇన్నేళ్లు దాచుకున్నది మా ముఖాల వల్ల బయటపడితే ఎలా అన్నదే భయం.

ఆయన బావమరిది వచ్చి, "మీరెవరు సార్?" అన్నాడు. "కలిసి పనిచేశామండి" అన్నాను. "ఏ బ్రాంచిల?" అన్నాడు. అన్న ఎక్కడ పనిచేసేవారో కూడా నాకు తెలియదు. అటుపక్క ఆటో భాయ్ "మేం పక్కింటోళ్లం" అంటున్నాడు, అసలు పక్కింటివాళ్లు అక్కడే కుర్చీల్లో కూర్చుని ఉండగా.

అన్న భార్య లేచి నా వైపు వచ్చారు. నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినబడేలా, "మీటింగోళ్లు గద మీరు?" అన్నారు. "అన్నీ చెప్పేటోడు నాకు. మీరు కనబడితే పలకరించొద్దన్నడు. ఆయన మాట మీద గిన్నేళ్లు ఊకున్న. ఇయ్యాల నాతోని కాదు బాబూ."

తర్వాత తమ్ముడి వైపు తిరిగి గట్టిగానే అన్నారు. "పెట్టె వీళ్లు మోస్తరు. మావోళ్లే."

మూలమూలల నుంచి ఒక్కొక్కరే వచ్చాం. ఎవరూ ఇంకేమీ అడగలేదు. పెట్టె భుజానికెత్తుకుంటే బరువు తెలిసింది. ఆ బరువు మోస్తూ ఏడ్చాను, దాచుకోలేదు. సందు ఇరుకు. బాల్కనీల్లో ఆడవాళ్లు తలల మీదికి కొంగులు లాక్కుని చూస్తున్నారు. తుంపరకి తెల్లపూలు తడుస్తున్నాయి.

ముందు మోస్తున్న ఆటో భాయ్ తల తిప్పకుండానే, "శ్రీనివాస్, గుంత ఉన్నది, జర చూసి" అన్నాడు. నడివీధిలో, పట్టపగలు, అంతమంది వింటుండగా.

"చూశాను భాయ్" అన్నాను. పెట్టె మా భుజాల మీద కొంచెం ఊగి, మళ్లీ కుదురుకుంది.