సిద్ధరాములు వేసిన అతుకు

సోలాపూర్‌లో మగ్గాలు చేసే వడ్లాయన ఎవరంటే ఒకప్పుడు అందరూ సిద్ధరాములు ఇంటికే దారి చూపేవాళ్లు. చేతిమగ్గాలు పోయాయి, ఆయన పనీ పోయింది. అందుకే, పవర్‌లూమ్ పని ఊడి చెరువులో చేపలు పట్టుకుంటున్న మంగేశ్ వచ్చి చిన్న పడవ చేసిపెట్టమంటే, ఎన్నడూ పడవ చేయని మనిషి ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

మగ్గానికి జిగురుతో పనేముంది? సీలలు కొట్టి బిగించడం, వదులైతే మళ్లీ బిగించడం. పడవ పలకలకు జిగురు పూసి, వాటిని ఒత్తిపట్టే క్లాంపుల మరలు బిగించాక కూడా ఆయన చెయ్యి ఊరుకోలేదు. వచ్చి ఒక తిప్పు, పోయి ఒక తిప్పు. అతుకులోంచి జిగురు బొటబొటా కారుతుంటే, ఎంత గట్టిగా పట్టిందో చూడమని బీడీలు చుట్టుకుంటున్న భార్య యమునాబాయిని పిలిచి మరీ చూపించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

వానాకాలంలో ఆ పడవ మునిగింది. మంగేశ్ ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. తమ్ముడు అక్షయ్ ఎక్కలేదు.

ఇరవై రోజులకు మంగేశ్ విడిపోయిన పలకలు మోసుకొచ్చాడు. బాగుచేసిస్తే పడవను అమ్మేస్తానన్నాడు. సిద్ధరాములు పనిమీద అతనికి ఏ అనుమానమూ లేదు. గాలి లేస్తున్నా వినకుండా తమ్ముణ్ణి తీసుకుపోయింది తానేనట. అప్పటినుంచీ తల్లి అతని మొహం చూడటం లేదట. మనిషి చిక్కి సగమయ్యాడు, పాపం.

సిద్ధరాములు పలక తిప్పి చూశాడు. చెక్క ఎక్కడా చిట్లలేదు, అతుకే ఊడింది. మధ్యలో పట్టి ఉంచాల్సిన జిగురు పొర లేనే లేదు. అంతా తానే పిండేశాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. యమునాబాయికి అర్థమై, చెప్పొద్దని కళ్లతోనే బతిమాలింది.

"గాలి కాదు బిడ్డా," అన్నాడాయన. "నేనే. బిగించి బిగించి జిగురంత బయటికి తీసిన. నీ తమ్ముణ్ణి ముంచింది నా చెయ్యి."

మంగేశ్ ఆ పలకను చేతిలోకి తీసుకుని, ఊడిన అతుకు మీద వేలు పెట్టి చూశాడు. తిట్టినా బాగుండేది.

"ఈ మాట మా అమ్మ ముంగట అంటరా, కాకా?"

పలక పట్టుకుని ఇద్దరూ ఆటోలో హోట్గి రోడ్‌లోని వాళ్లింటికి పోయారు. గడపలో కూర్చున్న తల్లికి సిద్ధరాములు పలక చూపించి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఆయన వైపు చూడనే లేదు. కొడుకు మొహంలోకి చూసింది.

"అన్నం తిన్నవా?"

మంగేశ్ అక్కడే కూలబడి ఏడ్చాడు. సిద్ధరాములును ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి, చెప్పులైనా వేసుకోకుండా తన ఇంటి దగ్గరి కొంతం చౌక్ దాకా నడిచొచ్చాడు.