పియానోకు హద్దులు రాసిన రోజు

సర్వే శాఖలో పనిచేసినవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఏ వస్తువును చూసినా అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకోవాలనిపిస్తుంది. రిటైరై చాలా ఏళ్లయినా నా జేబులో డైరీ, సంచిలో టేపు ఉండాల్సిందే. నా చెల్లెలి కూతురు మార్కాపురంలో పియానో వాయించిన రోజున ఆ రెండూ పనికొచ్చాయి.

నా మేనకోడలు ఉండేది చెన్నైలో. ఈ కాలపు అమెరికా వాళ్లు రాసిన పియానో సంగీతమే వాయిస్తుంది. దానికోసమే ఎక్కడెక్కడి నుంచో పిలుస్తారు. కన్నతల్లి మాత్రం ఒక్కసారైనా ఎదురుగా కూర్చొని వినలేదు. మా చెల్లెలిది కొమరోలు. మోకాళ్ల నొప్పులతో చెన్నై దాకా పోలేదు. "నువ్వు వాయించేది ఏందే?" అని ఫోన్లో అడుగుతూనే ఉండేది. అందుకని కూతురే కచేరీని మార్కాపురం తెచ్చింది. ఇక్కడి పాత మిషన్ బడి హాల్లో దొరల కాలపు పెద్ద పియానో ఒకటి ఉంది. చెన్నై నుంచి మనిషిని పిలిపించి రెండు రోజులు శ్రుతి చేయించింది.

కచేరీ రోజు పొద్దున పియానో మూత ఎత్తి, తీగల మధ్య మరమేకులు, బోల్టులు, సైకిలు ట్యూబు ముక్కలు దోపడం మొదలుపెట్టింది. ఇదేం పనని అడిగాను. అట్ల దోపితే ఒక్కో తీగ ఒక్కో వాద్యం అవుతుందని, ఆ సంగీతం రాసినాయనే అట్ల చేయమన్నాడని చెప్పింది. నిజమే, ఒక మెట్టు నొక్కితే డప్పు, పక్కది నొక్కితే కట్టె తట్టిన చప్పుడు. ఒక్కో మేకును వెంట్రుకవాసి జరుపుతూ చెవితో సరిచూసుకుంటోంది. ఊరికే కూర్చోవడం చేతగాక నేను టేపు తీశాను. ఒక్కో జత తీగలకు ఒక సర్వే నంబరు వేసి, దాంట్లో ఏముంది, కొస నుంచి ఎన్ని మిల్లీమీటర్లు అని డైరీలో ఎక్కించాను.

"మామా, దీనికి పట్టా కూడా ఇస్తావా ఏంది?" అని నవ్వింది.

భోజనం చేసి రెండింటికి తిరిగొచ్చేసరికి తీగల మధ్య ఒక్క మేకు లేదు. అన్నీ ఏరి, సైజు ప్రకారం ఒక పలక మీద పేర్చి పెట్టి ఉన్నాయి. హాలు ఊడ్చే ఆమె సంబరంగా ఎదురొచ్చింది.

"ఎవురో పెట్టె నిండా మేకులు కొట్టిపోయినారు సారూ. పాప చూస్తే ఏడుస్తాదని అన్నీ తీసేసినా."

పొద్దున ఆమె వరండా ఊడుస్తూ చప్పుడు విన్నదే గానీ లోపలికి రాలేదు. ఆమెను ఏమనగలం? మేనకోడలు కుర్చీలో కూలబడింది. అయిదింటికి కచేరీ. మా చెల్లెలు ఆ పాటికి గిద్దలూరులో బస్సు మారి ఉంటుంది. పొద్దున నాలుగు గంటలు పట్టిన పని మళ్లీ కాదని, అమ్మకు మామూలు పాట ఏదో వాయిస్తానని అంది. ఇంతదూరం వచ్చి, తన సొంతమైనది వాయించకుండా పోవడం!

నేను డైరీ తెరిచి చదవడం మొదలుపెట్టాను. "నలభై రెండు. పొడుగు బోల్టు. డెబ్బై ఆరు."

దోపింది, నొక్కింది, నా వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి ఇంకో మేకు అందుకుంది. ఎన్నో పొలం గట్ల తగాదాలు తీర్చిన టేపు అది, కొలత తప్పదు.

నాలుగున్నరకు పలక మీద ఒక చిన్న మరమేకు మిగిలింది. డైరీలో దాని నంబరు ఉంది గానీ దూరం లేదు. పొద్దున దాన్ని దోపినప్పుడు నేను టీ తేవడానికి పోయాను. పాట చివర పదే పదే మోగేది అదేనట. మేనకోడలు జరిపి జరిపి చూసింది. అలసిన చెవికి అన్నీ ఒకటిగానే వినిపిస్తున్నాయంది.

"అది కాదు తల్లీ." అంతదాకా గోడకు ఆనుకొని నిలబడ్డ ఊడ్చే ఆమె ముందుకొచ్చింది. వాళ్లు గొర్లు కాసుకునే ఇంటివాళ్లు. "పొద్దున ముందర నడిచే పొట్టేలు గంట మాదిరి మోగింది. ఇది పిల్ల గంట. ఇంకొంచెం అవతలికి జరుపు."

జరిపింది.

"ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు మంద కదిలింది."

మేనకోడలు మళ్లీ నొక్కి తలూపింది. నేను టేపు పెట్టి ఖాళీ నింపాను. పక్కన ఆమె పేరు అడిగి రాసుకున్నాను.

కచేరీలో చెల్లెలికి ఒక పక్కన ఊడ్చే ఆమె, ఇంకో పక్కన నేను కూర్చున్నాం. పాట చివరికి వచ్చి ఆ గంట మోగగానే చెల్లెలు వాకిలి వైపు చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"బయట గొర్లు పోతాండాయా అన్నా?"

"లేదు. నీ కూతురే తోలుకొస్తాంది," అన్నాను.