మొన్న మా ఇంట్లో ఏం జరిగిందంటే

ఆదివారం వచ్చిందంటే పాస్టరుగారి భార్యకు గుబులు పట్టుకునేది. పాటలు ఆమే ఎత్తుకుంటుంది కాబట్టి ప్రసంగం మొదలయ్యేదాకా బాగానే ఉండేది. ఆ తర్వాత ముందు వరసలో కూర్చుని, పాటల పుస్తకం అట్ట అంచు మడుస్తూ విప్పుతూ, ఆ ఒక్క మాట ఎప్పుడొచ్చి పడుతుందోనని బిక్కుబిక్కుమంటూ ఉండేది. ఆయన మైకు కాస్త కిందికి వంచి, చిన్నగా నవ్వి, "మొన్న మా ఇంట్లో ఏం జరిగిందంటే" అనేవాడు. ఇంకేముంది, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్నవాళ్ళు కూడా నిటారుగా కూర్చునేవారు.

పాలు పొంగి పొయ్యి ఆరిపోతే మెలకువ మీద ప్రసంగం. ఆమె తాళంచెవి పారేసుకుంటే తప్పిపోయిన గొర్రె మీద. చిన్నప్పుడు కూతురు చీకటికి జడిసి పక్క తడిపితే విశ్వాసం మీద. ఆ పిల్ల కాలేజీకి వెళ్తున్నా సరే, ముసలమ్మలు బుగ్గ గిల్లి, ఇప్పుడు చీకటంటే భయం లేదు కదా అని పలకరించేవారు. ఆ పిల్లకు తల కొట్టేసినట్టయ్యేది.

అలాగని ఆయన చెడ్డవాడా అంటే, అబ్బే, మనిషి బంగారం. ఎవరి తల్లికి ఆపరేషనైనా ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చునేది ఆయనే. మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటే మధ్యలో దూరి దెబ్బ తినేదీ ఆయనే. సంఘంలో ఒకళ్ళు చెప్పుకున్న గుట్టు ఇంకొకళ్ళ చెవిన పడింది లేదు. భార్య కూపీ లాగినా పెదవి విప్పేవాడు కాదు. తన ఇంటి గుట్టు మాత్రం గుట్టని ఆయనకు తోచేదే కాదు. ఇంట్లో ఉండేదే కాసేపు. ఆ కాసేపట్లో కంటబడ్డదంతా మూటగట్టుకుని వేదిక ఎక్కేవాడు. ఇల్లు పట్టించుకోవడమంటే ఇదేనని ఆయన నమ్మకం కాబోలు.

ఇల్లు కూడా ఇల్లులా ఉండేది కాదు. చర్చి హాలు వెనక గోడకు అతికించినట్టు రెండు గదులూ ఒక వంటిల్లూ. వంటింటి తలుపు తీస్తే నేరుగా వేదిక పక్కన తేలతారు. మంచినీళ్ళకని ఒకరు, పిల్లవాడి మోకాలికి మందుకని ఒకరు, ఊరికే ఏడవడానికని ఒకరు, ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి వచ్చేసేవారు. కూతురి గదికి ఒక్కదానికే గడియ ఉంది. అది పెట్టించమని పోరి పోరి పెట్టించుకుంది.

ఆ వారం మొదట్లో ఆమె చర్చిలో ప్రభువు భోజనపు బల్లకు కప్పే తెల్లగుడ్డ ఇస్త్రీ చేస్తుంటే కూతురు వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, నాకు ప్రార్థన చేయాలనిపించట్లేదు. కళ్ళు మూసుకుంటే అటువైపు ఎవరూ లేనట్టుంటోంది. చాలా రోజుల్నుంచి ఇంతే. నాన్నకి మాత్రం చెప్పకు."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. చెప్పనని మాటిచ్చింది.

ఇచ్చిందిగానీ, ఆ మాట ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. కూర తరుగుతున్నా అదే ధ్యాస, స్త్రీల కూడికలో మోకరించినా అదే ధ్యాస. పిల్ల లోలోపల నలిగిపోతోందేమో, ఏ అఘాయిత్యమైనా చేస్తుందేమోనని పిచ్చి ఆలోచనలు. ఇలాంటి సందేహాలతోనే ఎంతమంది పడుచు పిల్లలు ఆయన దగ్గరికి రాలేదు? గంటల తరబడి వాళ్ళ మాట విని, మనసు తేలికపరిచి పంపలేదూ? సొంత కూతురికి ఆపాటి చేయలేడా? శుక్రవారం సాయంత్రం ఆయన బూట్లు విప్పుకుంటుంటే ఉండబట్టలేక చెప్పేసింది. ఇది వేదిక ఎక్కకూడదు సుమా అని ముందరికాళ్ళకు బంధం కూడా వేసింది. ఆయన నొచ్చుకున్నాడు. ఆ మాత్రం తనకు తెలియదా అన్నాడు, రేపే దాంతో మాట్లాడతానన్నాడు.

అన్నట్టే శనివారం కూతురి గది గడప దాకా వెళ్ళాడు. ఫోను మోగింది. సంఘంలో ఒక పెద్దాయనకు ప్రాణం మీదికి వచ్చిందట. అటునుంచి అటే పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల గడియ వేసుకుని పడుకుంది.

ఆదివారం ప్రసంగం సగంలో ఆయన మైకు కిందికి వంచాడు. ఈసారి నవ్వలేదు. "మొన్న మా ఇంట్లో" అన్నాడు.

అంతే, ఆమె లేచి నిలబడి పాట ఎత్తుకుంది. ఏ పాటో చూసుకోలేదు, నోటికేది వస్తే అది. శ్రుతి ఎక్కడో పైకప్పు దగ్గరుంది. కీబోర్డు వాయించే ఆయన కంగారుగా మీటలు తడుముకున్నాడు. ప్రసంగం మధ్యలో పాటేమిటని జనం మొహమొహాలు చూసుకున్నారు. కానీ అమ్మగారు నిలబడి పాడుతుంటే కూర్చోగలరా? ఒక్కొక్కరే లేచి గొంతు కలిపారు. చరణాలన్నీ అయిపోయాయి. వేదిక మీద ఆయన నోరు తెరవబోయాడు, ఆమె మళ్ళీ పల్లవి అందుకుంది. ఇంకోసారి తెరవబోయాడు, మళ్ళీ పల్లవి. చివరికి ఆయన బైబిలు మూసేసి, ఆశీర్వాదం పలికి పంపేశాడు. ఈవేళ అమ్మగారి మీదికి ఆత్మ బలంగా దిగిందని ముసలమ్మలు కళ్ళొత్తుకుంటూ వెళ్ళారు.

పాడినంతసేపూ ఆమె కూతురి వైపు చూడలేదు. చూసేసరికి ఆ పిల్ల వంటింటి తలుపులోంచి లోపలికి వెళ్ళిపోతోంది.

ఇంట్లో ఆయన మొహం జేవురించి ఉంది. నలుగురిలో పరువు తీశావన్నాడు. ఇన్నేళ్ళ సేవలో వాక్యానికి అడ్డుపడ్డవాళ్ళు లేరన్నాడు. తర్వాత గొంతు దిగిపోయింది.

"దాని సంగతి చెప్పబోలేదే నేను. నా సంగతి. ఊరందరి పిల్లల కోసం తిరిగి, నా బిడ్డ గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చానని ఒప్పుకుందామనుకున్నాను."

ఆమెకు ఒక పక్క జాలి, ఒక పక్క ఒళ్ళుమంట. ఏడుపొచ్చేసింది.

"ఆ మాట హాలు నిండా జనానికి చెప్పడం వచ్చు మీకు. దానికి చెప్పడం రాదు."

ఆయన ఫోను బల్ల మీద పెట్టేసి, వెళ్ళి కూతురి తలుపు తట్టాడు.

"నేనేనమ్మా, నాన్నని. తప్పయిపోయింది."

లోపల్నుంచి గొంతు మామూలుగానే వచ్చింది.

"నువ్వు తర్వాత రా నాన్నా. నీకు చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే నీకు చెప్పలేదు. ముందు అమ్మని రమ్మను."

ఆయన తిరిగి భార్య వైపు చూశాడు. తను పాట ఎత్తుకున్న క్షణానే పిల్లకు అంతా తెలిసిపోయి ఉంటుందని ఆమెకు అప్పటిదాకా తట్టలేదు. ఆయన నోరు మూయించానని లోపల సంబరపడిందే తప్ప, ముందు తెరుచుకున్నది తన నోరేనని గుర్తే లేదు. అంతమంది ముందు జంకు లేకుండా నిలబడ్డ మనిషికి, ఆ నాలుగడుగులు వేయడానికి కాళ్ళు రాలేదు. "వస్తున్నానమ్మా" అంది, అక్కడే నిలబడి.