రెండింతల వేగం, నాలుగింతల దూరం

మా ఫిజిక్స్ మేడం ఇక లేరు. మొన్న పొద్దున నేను కాలేజీకి తయారవుతుంటే బాపు ఎయిర్‌పోర్టు క్యాబ్ లైన్‌లోంచి ఫోన్ చేశాడు. "మేడం పోయింది బిడ్డా" అన్నాడు. ఏ మేడం అని నేను అడగలేదు. మా ఇంట్లో మేడం అంటే ఒక్కరే. జల్‌పల్లిలో వాళ్లింట్లోనే, నిద్రలో పోయారట. జడ సగం అల్లుకుని అలాగే కూర్చుండిపోయాను. కాసేపటికి ఏడుపు వచ్చింది. ఆ తరువాత, మీరు నమ్మినా నమ్మకపోయినా, నవ్వు కూడా వచ్చింది. ఎందుకో చెప్తాను.

మేడం మా శంషాబాద్ బడికి వచ్చేనాటికి మాకందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది: పెద్ద విమానం మెల్లగా పోతుంది, చిన్న విమానం జోరుగా పోతుంది. చిన్నప్పటి నుంచి తలలెత్తి చూస్తున్నవాళ్లం, మాకు తెలియదా! మొదటి వారమే ఈ మాట ఆమె చెవిన పడింది. తప్పు అని ఒక్క మాట అనలేదు. మమ్మల్ని బయటికి తీసుకుపోయి జెండా స్తంభం ముందు నుంచి ఒక పిల్లను నడిపించారు. తరువాత పది పన్నెండు మందిమి చేతులు పట్టుకుని వరుసగా, అదే నడకతో నడిచాం. వరుస తోక స్తంభం దాటేసరికి చూసేవాళ్లకు విసుగొచ్చింది.

"నడక మారిందా?" అని అడిగారు.

"లేదు మేడం."

"మరి మెల్లగ పోయినట్టు ఎందుకనిపిచ్చింది? పొడుగున్నది కాబట్టి దాని ఒళ్లు అది దాటనీకే టైం పడ్తది. మన కన్ను మోసపోతది. కన్ను చెప్పింది విను, కానీ కొలిచినంకనే నమ్ము."

ఆమెకో అలవాటు ఉండేది. ఏ ప్రయోగమైనా చేసే ముందు ఏమవుతుందో అందరూ చెయ్యెత్తి చెప్పాలి. గోడమీద పిల్లుల్లా చూస్తూ కూర్చుంటే ఊరుకునేవారు కాదు. ప్రయోగం అయ్యాక ముందుగా చప్పట్లు ఎవరికనుకున్నారు? తప్పు చెప్పినవాళ్లకు. "వీళ్లకు ఇయ్యాల కొత్త సంగతి తెలిసింది. మిగిలినోళ్లకు ఏం తెలిసింది? తెలిసిందే తెలిసింది" అనేవారు. నేను మొండిదాన్ని, గొంతు కూడా పెద్దది. ఆ చప్పట్లు ఆ బడిలో నాకు పడినన్ని ఎవరికీ పడి ఉండవు.

షాట్‌పుట్ గుండునూ గోళీనీ మేడ మీద నుంచి ఒకేసారి వదిలిన రోజు కూడా అంతే. గుండు ముందు పడుతుందని నేను పందెం కాసినంత ధీమాగా అరిచాను. రెండూ ఒక్కసారే నేలను తాకాయి. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం మాత్రం పైనుంచి వంగి, "చూసినవా, భూమికి పెద్దోళ్లు చిన్నోళ్లు అన్న ఫరక్ లేదు!" అని కేకేశారు. ఆ తరువాత ఒక కాగితాన్ని విప్పి వదిలారు, అది ఊగుతూ తీరిగ్గా దిగింది. అదే కాగితాన్ని ఉండ చుట్టి గోళీతో పాటు వదిలితే దాదాపు గోళీ వెంటే పడింది. బరువు మారలేదు, గాలి అడ్డుపడడం తగ్గింది, అంతే. నేను ఫిజిక్స్‌తో ప్రేమలో పడింది ఆ మధ్యాహ్నమే.

పదో తరగతి అయింది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానన్నాను. బాపు ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎయిర్‌పోర్టులో నీట్‌గా బట్టలేసుకుని కౌంటర్ వెనక నిలబడే అమ్మాయిలను రోజూ చూసేవాడు. నన్నూ ఏదో చిన్న కోర్సు చేయించి అక్కడ నిలబెట్టాలని ఆయన కల. "ఫిజిక్స్ సదివి ఏం జేస్తవ్? నేను ఫిజిక్స్ సదవకనే బండి నడుపుతలేనా?" అన్నాడు. నేను అన్నం మానేశాను, అరిచాను, తలుపులు వేసుకున్నాను. ఆయన మాత్రం మెట్టు దిగలేదు. కాలేజీల్లో చేరే గడువు దగ్గర పడుతోంది. ఇక నా ఫిజిక్స్ పని అయిపోయిందనుకున్నాను.

ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని, చర్చికి కట్టుకున్న తెల్ల చీరలోనే మేడం మా ఇంటికి వచ్చారు. నేను పొంగిపోయాను. ఇక బాపును కడిగిపారేస్తారనుకున్నాను. ఆమె చాయ్ తాగి, బండి మైలేజీ ఎంత ఇస్తుందని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు అన్నారు:

"అన్నా, నీ బండి ముప్పై మీద పోతున్నప్పుడు బ్రేక్ కొడ్తే కొంత దూరం పోయి ఆగుతది గదా. అరవై మీద కొడ్తే ఎంత దూరం పోతది?"

"డబుల్ స్పీడ్‌కు డబుల్ దూరం. గిదేం సవాల్ మేడం?"

"పక్కానా?"

"ఇన్నేండ్ల సంది స్టీరింగ్ పట్టుకున్న. పక్కా."

"అయితే పోదాం పా. చేసి చూద్దాం."

మా ఇంటి వెనక కొత్తగా వేసిన ప్లాట్ల వెంచర్ ఉంది. ఇళ్లు ఒక్కటీ లేవు గానీ తారు రోడ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. చుట్టుపక్కల కొత్తగా స్టీరింగ్ పట్టే ప్రతివాడూ నేర్చుకునేది ఇలాంటి చోటే. బాపు కూడా అంతే. ఆ మధ్యాహ్నం ఎండకు అక్కడ కుక్క కూడా లేదు. మేడం హద్దులు గీసే సున్నం పిడికెడు తీసుకుని రోడ్డుకు అడ్డంగా ఒక గీత పోశారు. గీత దగ్గర బ్రేక్ కొట్టాలి. నన్ను రోడ్డు దిగి దూరంగా నిలబడమన్నారు.

మొదట ముప్పై. బాపు గీత మీద బ్రేక్ కొట్టాడు, బండి కాస్త దూరంలో ఆగింది. అక్కడ సున్నం పోశాం. తరువాత దానికి రెండింతల దూరంలో ఇంకో గీత పోశాం. బాపు ఆ గీత చూసి నవ్వి, డిక్కీలోంచి తన స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చాడు. గీతకు ఇంకో నాలుగు జానల అవతల, సరిగ్గా ఎడమ టైరుకు ఎదురుగా పెట్టాడు.

"దీన్ని తాకితే బిడ్డ సదువు సంగతి మీరు చెప్పినట్టే ఇంట మేడం" అన్నాడు.

"డబ్బా తీసెయ్ అన్నా, మంచి డబ్బా" అన్నారు మేడం.

"ఉండనీయుండ్రి!"

ఈసారి అరవై. బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది, గీత మీద టైర్లు కీచుమన్నాయి. రెండో గీత దాటింది. డబ్బా మీదుగా కరకరమంటూ ఎక్కింది. అంతటితో ఆగిందా? ఇంకా పోయి, పోయి, అప్పుడు ఆగింది. బాపు దిగి వెనక్కి నడిచొచ్చాడు. అప్పడంలా అయిపోయిన డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు.

మేడం చప్పట్లు కొట్టారు. ఎగతాళికి కాదు, బళ్లో మాకు కొట్టినట్టే, నిండు మనసుతో కొట్టారు. ఆ పద్ధతి తెలిసినదాన్ని కదా, నేనూ కొట్టాను. బాపు మా ఇద్దరినీ పిచ్చివాళ్లను చూసినట్టు చూశాడు.

"గిదెట్ల మేడం? బ్రేకులు మంచిగున్నయి. డబుల్ కాదు, దగ్గర దగ్గర నాలుగింతలు పోయింది!"

మేడం నా వైపు చెయ్యి చూపి, "నీ బిడ్డనడుగు" అన్నారు.

నా చదువంతా ఇప్పుడు నేను చెప్పే మాట మీదే ఉందని నాకు తెలుసు. పుస్తకంలో సూత్రం చెప్తే బాపుకు ఎక్కదు. ఒక్క క్షణం ఆలోచించుకుని అన్నాను:

"బ్రేకు అదే గదా బాపు. అది ఒక్క సెకనుకు తగ్గించే స్పీడ్ అంతే ఉంటది. స్పీడ్ డబుల్ ఉంటే అంతా తగ్గనీకే టైం డబుల్ పడ్తది. ఆ డబుల్ టైంల కూడా బండి డబుల్ జోరు మీద ఉరుకుతనే ఉంటది. రెండు రెండ్ల నాలుగు."

"మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఈసారి ఆయన తన చెయ్యినే బండి చేసుకుని, మెల్లగా కదిపి చూసుకున్నాడు. తరువాత రోడ్డు వంక చూశాడు. తను లారీల వెనక ఎంత దగ్గరగా పోతుంటాడో లెక్కేసుకుంటున్నాడని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"గింత ముఖ్యమైన ముచ్చట నాకు ఎవ్వడు చెప్పలే" అన్నాడు. ఆ వెంటనే, నన్ను చూడకుండా, "ఫారం ఎప్పుడు నింపాలె?" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. మేడం చీర కొంగు అంచుకు సున్నం అంటించుకుని, ఎండలో, ప్లాట్ల మధ్య పడీ పడీ నవ్వారు. ఆ మర్నాడే బాపు నన్ను కాలేజీలో చేర్చాడు. ఈవాళ నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను. నా క్లాసులో కూడా ముందు చప్పట్లు తప్పు చెప్పినవాళ్లకే. పద్ధతి ఎవరిదని పిల్లలు అడిగితే గర్వంగా చెప్తాను. మేడంకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆమె ఉన్నప్పుడు చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ, "సమాధానం నువ్వు చెప్పినవ్, నేను సున్నం పోసిన, అంతే" అని కొట్టిపారేసేవారు.

నిన్న జల్‌పల్లిలో చర్చి నుంచి సమాధుల తోటకు మేడంను తీసుకుపోయేటప్పుడు జనం ఎంతమంది వచ్చారో చెప్పలేను. వీధి పట్టలేదు. పాటలు పాడుతున్నారు. నన్ను దింపడానికి వచ్చిన బాపు తెల్ల డ్రైవర్ డ్రెస్సులో, చర్చి గేటు బయట బండి పక్కనే నిలబడ్డాడు. మేడం తమ్ముడు మెట్ల మీదికొచ్చి గట్టిగా పిలిచాడు:

"అక్క దగ్గర సదువుకున్నోళ్లు రాండ్రి. పెట్టె మీరే మొయ్యాలె, అది అక్క కోరిక."

నేను చున్నీ నడుముకు బిగించుకుని ముందుకు కదిలేసరికి, జనాన్ని తప్పించుకుంటూ నాకన్నా ముందే బాపు మెట్లెక్కుతున్నాడు. మేడం తమ్ముడు ఆయన్ను ఆపి, నెమ్మదిగానే అడిగాడు.

"అన్నా, సదువుకున్నోళ్లను పిలిచిన. నువ్వు ఏ బ్యాచ్?"

"ఒక్కటే క్లాసు విన్న తమ్మీ" అన్నాడు బాపు. "రోడ్డు మీద జెప్పింది. అప్పటి సంది ఒక్కరోజు గూడ మరవలే."

తమ్ముడు పక్కకు జరిగాడు. బాపు వంగి పెట్టె ముందు మూలకు భుజం ఆనించాడు. నేను ఆయన పక్క మూల పట్టాను. వెనకవాళ్లు కాస్త తొందరపడుతుంటే, "మెల్లగ, మెల్లగ" అంటూ, తడి కళ్లతో తలెత్తుకుని, మా మేడం విద్యార్థి అందరికంటే ముందు నడిచాడు.